లోడింగ్ రేటు మారితే మంచుగడ్డ సంపీడన బలం ఎందుకు మారుతుంది?

ముందుగా మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ఒకసారి చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. రాజాం దగ్గర ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న మీరు నలుగురూ, భావనపాడు వైపు చేపల పడవలకు ఐసు వేసే ఒక ప్లాంటు నుంచి దిమ్మలు తెచ్చి, రంపంతో 100 మిల్లీమీటర్ల ఘనాలుగా కోసి, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల వద్ద రెండు రోజులు ఉంచి, కాంక్రీటు క్యూబులను నొక్కే సి.టి.ఎం. (సంపీడన పరీక్ష యంత్రం) మీద, లోడు పెంచే వేగాన్ని, అంటే లోడింగ్ రేటును, మూడు రకాలుగా మార్చి పరీక్షించారు. సెకనుకు 0.1 కిలోన్యూటన్‌తో నొక్కినప్పుడు బలం చాలా తక్కువ వచ్చింది. కాంక్రీటుకు వాడే వేగంతో, అంటే సెకనుకు సుమారు 2.3 కిలోన్యూటన్లతో నొక్కినప్పుడు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. వాల్వు పూర్తిగా తెరిచి రెండు సెకన్లలోపే పగలగొట్టినప్పుడు మళ్ళీ తగ్గింది, పైగా ఒక ఘనం విలువ ఇంకో ఘనం విలువకు దాదాపు రెట్టింపుగా చెదిరిపోయింది. వేగం పెరిగితే బలం పెరగాలి కానీ తగ్గకూడదని మీ గైడు గారు అన్నారు. తప్పు మిషనుదా, మీదా అని మీరు అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే, తప్పు మిషనుదీ కాదు, మీదీ కాదు. మంచుగడ్డ గుణమే అది. నెమ్మదిగా నొక్కినప్పుడు అది సాగే పదార్థంలాగా లొంగుతుంది, ఆ దశలో వేగంతోపాటు బలం గట్టిగా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక అది పెళుసు పదార్థంగా మారి పగులుతుంది, అక్కడి నుంచి బలం పెరగడం ఆగిపోయి, తరచుగా కొంత తగ్గి, విలువలు చెదురుతాయి. గరిష్ఠ బలం ఆ హద్దు దగ్గరే కనిపిస్తుంది. అయితే మీ మూడు విలువల మధ్య కనిపించిన తేడా మొత్తాన్నీ లోడింగ్ రేటు ఖాతాలోనే వేయడానికి వీలు లేదు. అందులో మన ఉత్తరాంధ్ర ఎండ వాటా కూడా ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను, ఎందుకంటే మీ ప్రాజెక్టులో నిజంగా సరిదిద్దుకోవలసింది అదే.

నేను కెనడాలోని ఒక శీతల ప్రయోగశాలలో తొమ్మిదేళ్ళపాటు నది మంచునూ, ప్రయోగశాలలో గడ్డకట్టించిన మంచునూ నొక్కే పనిలో ఉన్నాను. ఆ తరువాత విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మెటీరియల్స్ ల్యాబు చూసుకున్నాను. కాబట్టి చలిగదిలో చేసిన పరీక్షలూ, 38 డిగ్రీల గదిలో చేసిన పరీక్షలూ రెండూ నా చేతి మీదుగా జరిగినవే.

ఇక కారణానికి వద్దాం. మైనస్ 10 డిగ్రీల మంచు మన చేతికి గడ్డకట్టించేంత చల్లన, కానీ పదార్థ శాస్త్రం దృష్టిలో అది చాలా వేడి వస్తువు. కెల్విన్ లెక్కలో దాని ఉష్ణోగ్రత 263, దాని ద్రవీభవన స్థానం 273. అంటే కరిగే ఉష్ణోగ్రతలో 96 శాతం దగ్గర అది నిలబడి ఉంది. ఇనుమును అదే స్థితికి తేవాలంటే సుమారు 1,470 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చాలి. అంతగా కాలిన ఇనుము మీద బరువు పెడితే ఎలా నెమ్మదిగా ఒదిగిపోతుందో, మంచు కూడా అలాగే ఒదుగుతుంది. దీనినే క్రీప్ అంటారు. హిమాలయాలలో గంగోత్రి హిమానీనదం ఘనపదార్థంగా ఉంటూనే లోయలో కిందికి ప్రవహించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

జాన్ గ్లెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ క్రీప్‌ను కొలిచి 1955లో ప్రచురించిన సూత్రం ఇప్పటికీ ఈ రంగానికి పునాది. దాని ప్రకారం మంచు ఒదిగే వేగం ప్రతిబలం (ఒక్కో చదరపు కొలత మీద పడే బలం) యొక్క ఘనానికి, అంటే మూడో ఘాతానికి, సుమారుగా అనులోమానుపాతంలో ఉంటుంది. దానినే తిరగేసి చూస్తే మీకు కావలసిన సమాధానం దొరుకుతుంది. మీరు మంచును ఎనిమిది రెట్లు వేగంగా కుదించాలనుకుంటే రెండింతల ప్రతిబలం కావాలి, వెయ్యి రెట్లు వేగంగా కుదించాలనుకుంటే పదింతలు కావాలి. మైనస్ 10 డిగ్రీల దగ్గర సాధారణ మంచినీటి మంచును సెకనుకు కోటిలో ఒక వంతు వికృతి రేటుతో, అంటే ప్రతి సెకనుకూ తన పొడవులో కోటో వంతు కుదించేలా, నొక్కితే అది సుమారు 1 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటన్) దగ్గరే లొంగిపోతుంది. అదే మంచు సెకనుకు పదివేలలో ఒక వంతు రేటు దగ్గర 10 మెగాపాస్కల్‌ల స్థాయికి చేరగలదు. కాంక్రీటులో వేగాన్ని పదింతలు చేసినా బలంలో కనిపించే తేడా కొద్ది శాతమే. మీ గైడు గారి అనుభవం కాంక్రీటుది కనుక ఆయన అన్న మాట ఆ పదార్థానికి సరైనదే. మంచుకు మాత్రం ఆ తేడా శాతాలలో కాక రెట్లలో ఉంటుంది, పైగా ఒక చోట దిశే మారుతుంది.

ఆ దిశ ఎందుకు మారుతుందో అర్థం కావడానికి పైడితల్లి జాతరలో అమ్మే జీళ్ళను గుర్తు చేసుకోండి. బెల్లపు జీడిని రెండు వేళ్ళ మధ్య పెట్టి ఓపికగా నొక్కితే అది అణిగి వెడల్పవుతుంది. దానినే రాతి మీద ఠపీమని కొడితే ముక్కలవుతుంది. (జీడిలో స్ఫటిక నిర్మాణం లేదు, మంచులో ఉంది, కాబట్టి లోపలి యంత్రాంగం వేరు. బయటికి కనిపించే ప్రవర్తన వరకే ఈ పోలిక.) మంచులో లోపల జరిగేది ఇది. నొక్కుడు మొదలవగానే స్ఫటిక రేణువుల మధ్య చిన్నచిన్న పగుళ్ళు పుడతాయి. నొక్కే దిశకు ఏటవాలుగా ఉన్న పగులు రెండు ముఖాలూ ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆ జారుడు వల్ల పగులు కొసల దగ్గర లాగుడు పుట్టి, అక్కడి నుంచి రెక్కల్లాంటి కొత్త పగుళ్ళు నొక్కే దిశలోకి తిరిగి పెరగాలని చూస్తాయి. నొక్కడం నెమ్మదిగా ఉంటే ఆ కొసల దగ్గరి మంచుకు క్రీప్ ద్వారా ఒదిగి, పోగైన ప్రతిబలాన్ని సడలించుకునే వ్యవధి ఉంటుంది, పగులు అక్కడే ఆగిపోతుంది. వేగంగా నొక్కితే ఆ వ్యవధి ఉండదు. పగులుకు మంచు ఇచ్చే నిరోధం గాజుతో పోల్చినా ఎన్నో రెట్లు తక్కువ కనుక, ఒకసారి కదిలిన పగులు నిలువునా పరుగెత్తుతుంది. అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాలలో ఎర్లాండ్ షుల్సన్, ఆయన సహచరులు ఈ సాగే దశ నుంచి పెళుసు దశకు మారే హద్దును దశాబ్దాలపాటు పరిశీలించి, దానిని క్రీప్‌కూ పగుళ్ళ పెరుగుదలకూ మధ్య పోటీగా వివరించారు.

ఆ హద్దు ఎక్కడుంటుంది? మైనస్ 10 డిగ్రీల దగ్గర, కొన్ని మిల్లీమీటర్ల రేణువులున్న మంచినీటి మంచుకు, అది సెకనుకు 0.0001 నుంచి 0.001 వికృతి రేటు మధ్య ఉంటుంది. దీనిని చేతికి అందే కొలతలో చెప్పాలంటే, 200 మిల్లీమీటర్ల పొడవున్న నమూనాను నిమిషానికి 1.2 మిల్లీమీటర్ల నుంచి 12 మిల్లీమీటర్ల వేగంతో కుదించడం అన్నమాట. ఇది స్థిరమైన గీత కాదు. మంచు వెచ్చబడితే క్రీప్ చురుకవుతుంది కనుక హద్దు ఎక్కువ వేగం వైపు జరుగుతుంది. మైనస్ 20 నుంచి మైనస్ 10కి వస్తేనే క్రీప్ మూడు నాలుగు రెట్లు వేగవంతమవుతుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ. రేణువులు పెద్దవైతే పగుళ్ళు కూడా పెద్దవిగానే పుడతాయి కనుక హద్దు తక్కువ వేగం వైపు జరుగుతుంది. పక్కల నుంచి ఒత్తిడి ఉంటే పగుళ్ళు తెరుచుకోలేవు కనుక పెళుసుదనం ఆలస్యంగా వస్తుంది.

శీతల ప్రయోగశాలలో పనిచేసిన తొలి శీతకాలంలోనే ఈ తేడాను నేను కళ్ళతో చూశాను. ఒకే దిమ్మ నుంచి తీసిన రెండు స్తూపాలలో ఒకదానిని చాలా నెమ్మదిగా రాత్రంతా నొక్కే పరీక్షకు పెట్టి వెళ్ళాము. ఉదయానికి అది పాలలాగా తెల్లబడి, నడుము దగ్గర కాస్త ఉబ్బి, పొట్టిగా అయింది తప్ప పగలలేదు. లోపల వేల సంఖ్యలో చిన్న పగుళ్ళు పుట్టి ఎక్కడివక్కడే ఆగిపోవడం వల్ల వచ్చిన తెలుపు అది. రెండవదానిని అదే ఉదయం వేగంగా నొక్కితే, చివరి క్షణం దాకా గాజులాగా పారదర్శకంగా ఉండి, ఒక్క చప్పుడుతో నిలువు చీలికలుగా విడిపోయింది. మీరు కూడా విలువలను మాత్రమే కాక, నొక్కిన తరువాత ముక్కల రూపాన్ని రాసుకోండి. తెల్లబడి అణిగిందా, నిలువుగా చీలిందా అన్నది చూస్తే ఆ నమూనా హద్దుకు ఏ వైపున ఉందో అంకె కంటే నమ్మకంగా తెలుస్తుంది.

మీలో ఒకరు "నెమ్మదిగా నొక్కితే ఒత్తిడికి మంచు కరుగుతుంది, అందుకే బలం తగ్గింది" అన్నారని రాశారు. ఇది చాలామంది చెప్పే కారణమే కానీ లెక్కకు నిలబడదు. ప్రతి 1 మెగాపాస్కల్ పీడనానికి మంచు ద్రవీభవన స్థానం తగ్గేది సుమారు 0.074 డిగ్రీలు మాత్రమే. మీరు 5 మెగాపాస్కల్‌లు వేసినా అది అర డిగ్రీకి కూడా చేరదు. మైనస్ 10 దగ్గర ఉన్న మంచును ఆ కొద్దిపాటి మార్పు కరిగించలేదు. పైగా ఒత్తిడి వల్లే కరిగేదైతే, ఎక్కువ ప్రతిబలం మోసిన మధ్య వేగపు నమూనాయే ముందు కరిగి ఉండాలి కదా.

ఇప్పుడు మీ పరీక్షలోని చిక్కులు. మొదటిది, లోడింగ్ రేటూ వికృతి రేటూ ఒకటి కావు. కాంక్రీటు పరీక్షల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 516 చెప్పిన వేగం నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోలు. మీ 100 మిల్లీమీటర్ల ఘనానికి అది సెకనుకు 0.23 మెగాపాస్కల్ అవుతుంది. మంచు స్థితిస్థాపక గుణకం (వికృతికి ప్రతిబలం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 9 గిగాపాస్కల్‌ల, అంటే 9,000 మెగాపాస్కల్‌ల, చుట్టూ ఉంటుంది కనుక, మొదట్లో వికృతి రేటు సెకనుకు సుమారు 0.000025. కానీ మంచు ఒదగడం మొదలుపెట్టాక అదే లోడింగ్ రేటును నిలుపుకోవాలంటే ప్లేటు ఇంకా ఇంకా వేగంగా కదలాలి, కాబట్టి నిజమైన వికృతి రేటు పరీక్ష చివరికి దీనికి చాలా రెట్లు అవుతుంది. మీ నెమ్మది పరీక్ష మొదట్లో సెకనుకు సుమారు 0.000001 దగ్గర, వాల్వు తెరిచిన పరీక్ష 0.0003 దగ్గర ఉన్నట్టు లెక్క వస్తుంది. అంటే మూడవది హద్దు ప్రాంతంలోకి వెళ్ళింది, మిగిలిన రెండూ సాగే వైపు ఉన్నాయి. మీరు చూసిన వరుస దీనితో సరిపోతోంది. వీలైతే సి.టి.ఎం. వదిలి, ప్లేటు కదలికను స్థిరంగా ఉంచగల యు.టి.ఎం. (సార్వత్రిక పరీక్ష యంత్రం) మీదికి మారండి, అప్పుడు మీరు చెప్పే రేటుకు ఒక స్పష్టమైన అర్థం ఉంటుంది.

రెండవది, మీ నెమ్మది పరీక్ష నిజానికి వెచ్చని పరీక్ష కూడా. మీరు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. మైనస్ 18 నుంచి తీసిన ఘనాన్ని గది వేడిలో ఉన్న రెండు ఉక్కు ప్లేట్ల మధ్య పెట్టారు. వేగపు పరీక్షలో అది ఆ ప్లేట్ల మధ్య ఉన్నది కొన్ని సెకన్లు. నెమ్మది పరీక్షలో అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలలో ఘనం నడిమధ్యకు వేడి పెద్దగా చేరదు, 100 మిల్లీమీటర్ల ఘనం నడుమదాకా వెచ్చబడడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. కానీ పై పొరలు సున్నాకు చేరిపోతాయి, ప్లేటు తాకిన ముఖాలు కరిగి నీటి పొర ఏర్పడుతుంది. ఆ నీటి పొర వల్ల ప్లేటుకూ మంచుకూ మధ్య రాపిడి మారి, కొసల దగ్గర ఘనాన్ని పట్టి ఉంచే బిగువు కూడా మారిపోతుంది. కాబట్టి మీ నెమ్మది విలువ తగ్గడంలో కొంత రేటు వల్ల, కొంత వేడి వల్ల. ఆ రెండింటినీ విడదీయకుండా రిపోర్టులో "లోడింగ్ రేటు ప్రభావం" అని రాస్తే అది సరైన వాక్యం కాదు.

విజయనగరంలో నా విద్యార్థులకు ఇదే సమస్య వచ్చినప్పుడు మేము చేసిన పని చెబుతాను, దానికి ఖర్చేమీ లేదు. నెమ్మది పరీక్షకు అయిదు నిమిషాలు పడుతుందనుకోండి. మరో ఘనాన్ని మిషనులో లోడు లేకుండా, ప్లేట్లు తాకీతాకనట్టుగా అంతే అయిదు నిమిషాలు ఉంచి, ఆ వెంటనే మధ్య వేగంతో నొక్కండి. ఈ ఘనానికి వచ్చిన బలం, ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే అదే వేగంతో నొక్కిన ఘనం బలం కంటే ఎంత తగ్గిందో, అది వేడి వాటాకు సుమారైన కొలత. మిగిలినది రేటు వాటా. మేము చేసినప్పుడు వేడి వాటా మేము ఊహించినదానికంటే చాలా ఎక్కువగా తేలింది, అప్పటిదాకా రాసుకున్న పట్టికలన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ తరువాత 10 మిల్లీమీటర్ల మందం ఉక్కు పలకలను రెండింటిని ఘనాలతోపాటే ఫ్రీజర్‌లో ఉంచి, పరీక్ష సమయంలో ఘనానికి కిందా పైనా పెట్టడం, చుట్టూ థర్మోకోల్ తొడుగు వేయడం, పరీక్షలు తెల్లవారుజామున చేయడం అలవాటు చేసుకున్నాము. ఘనం నడుమకు సన్నని రంధ్రం చేసి ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టగలిగితే ఇంకా మంచిది.

మూడవది, వేగపు పరీక్షలో విలువలు చెదరడం. సాగే దశలో మంచు కొసల లోపాలను ఒదిగి సర్దుకుంటుంది. పెళుసు దశలో సర్దుకోదు. రంపంతో కోసిన ముఖం వెంట్రుకవాసి వంకరగా ఉన్నా లోడు మొత్తం ఒక మూల మీద పడి అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది. శీతల ప్రయోగశాలలో ఒకసారి మా వేగపు పరీక్షల వరుస మొత్తం సగం బలం చూపించింది. మూడు వారాలు మంచునే అనుమానించాము. చివరికి చూస్తే కొసలను నునుపు చేసే పరికరం బిగింపు కొద్దిగా వదులై, రెండు ముఖాలూ సమాంతరంగా లేవు. అదే నమూనాల నెమ్మది పరీక్షలు మాత్రం ఏ తేడా చూపించలేదు. మీ దగ్గర లేతు లేకపోతే, గోరువెచ్చని అల్యూమినియం పలక మీద ముఖాన్ని ఒకటి రెండు సెకన్లు నెమ్మదిగా తిప్పి చదును చేసి, మళ్ళీ కనీసం ఒక పూట ఫ్రీజర్‌లో ఉంచండి. ఒక్కో వేగానికి మూడు ఘనాలు చాలవు, వేగపు పరీక్షకు కనీసం పది కావాలి. ఘనం కంటే, అడ్డుకొలతకు రెండున్నర రెట్లు పొడవున్న స్తూపం మేలు, ఎందుకంటే పొట్టి నమూనాలో ప్లేట్ల రాపిడి ప్రభావం నడుమదాకా పాకుతుంది.

ఇక మిషను సామర్థ్యం సంగతి. 5 మెగాపాస్కల్‌ల దగ్గర మీ ఘనం మోసేది 50 కిలోన్యూటన్లే. మీ సి.టి.ఎం. 2,000 కిలోన్యూటన్లది అయితే, మీరు దాని స్కేలులో 2.5 శాతం దగ్గర చదువుతున్నారు. ఆ అడుగు భాగంలో దాని కొలతను నమ్మకండి.

ప్లాంటు దిమ్మ గురించి కూడా ఒక మాట. ప్లాంటులో చల్లని ఉప్పునీటిలో నిలబెట్టిన డబ్బాలో నీరు గోడల నుంచి లోపలికి గడ్డకడుతుంది కనుక రేణువులు గోడకు లంబంగా, పొడుగ్గా పెరుగుతాయి. చివరగా గడ్డకట్టే నడుమ భాగంలో గాలి బుడగలూ, నీటిలోని లవణాలూ చేరి తెల్లగా ఉంటుంది. ఒక ఘనం పారదర్శక భాగం నుంచి, మరొకటి తెల్లని నడుమ నుంచి వచ్చి ఉంటే అవి రెండు వేర్వేరు పదార్థాలు. రేణువుల నిలువునా నొక్కడమూ, అడ్డంగా నొక్కడమూ ఒకటి కాదు. దిమ్మలో ఘనం ఎక్కడిదో, పై దిశ ఏదో కోసేటప్పుడే పెన్సిలుతో గుర్తు పెట్టండి. తుప్పు పట్టిన డబ్బాలోకి చుట్టూ ఉన్న ఆ ఉప్పునీరు ఊరి ఉంటే ఇంకా ఇబ్బంది. సాధారణ ఉప్పు కలిసిన నీరు మైనస్ 21 డిగ్రీల దాకా పూర్తిగా గడ్డకట్టదు కనుక, మీ ఫ్రీజర్‌లో కూడా ఆ ఘనంలో ద్రవపు గూళ్ళు మిగిలే ఉంటాయి, బలం దారుణంగా పడిపోతుంది. సముద్రపు మంచు మంచినీటి మంచు కంటే బలహీనంగా ఉండడానికీ ఇదే కారణం. ప్రతి దిమ్మ నుంచి ఒక చిన్న ముక్కను కరిగించి, ఆ నీటిలో ఉప్పు ఉందేమో సిల్వర్ నైట్రేటుతో చూసుకోండి.

ఈ విషయం పరీక్షశాలకు బయట ఎంత పెద్దదో మీ వైవాలో అడిగితే చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 1986 ఏప్రిల్ 12న కెనడా ఉత్తరాన బోఫోర్ట్ సముద్రంలో మోలిక్‌పాక్ అనే చమురు అన్వేషణ కట్టడాన్ని ఒక పెద్ద మంచు పలక వచ్చి ఒత్తింది. ఇసుకతో నింపిన ఆ భారీ కట్టడం మొత్తం లయబద్ధంగా కంపించింది. మంచు పలక మరీ నెమ్మదిగా వస్తే కట్టడం ముందు ఒదిగిపోతుంది, మరీ వేగంగా వస్తే ఎడతెగకుండా నలుగుతుంది. ఈ రెండింటి నడుమ వేగంలో మాత్రం బలం పెరగడం, ఒక్కసారిగా పగలడం, మళ్ళీ పెరగడం వరుసగా జరిగి కట్టడాన్ని ఊపేస్తుంది. మీ మూడు వేగాల పరీక్షలు చూపించిన ఎత్తుపల్లాలకూ, ఆ కంపనానికీ మూలం ఒకటే. కెనడాలోనే 1997లో తెరిచిన, 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెనలో స్తంభాలకు నీటిమట్టం దగ్గర శంకువు ఆకారపు తొడుగులు కట్టారు. మంచు పలక ఆ వాలు మీదికి ఎక్కి, నలగడానికి బదులు వంగి విరుగుతుంది. వంగి విరగడానికి కావలసిన బలం నలగడానికి కావలసిన దానికంటే చాలా తక్కువ.

అత్యధిక వేగాల దగ్గర, అంటే వడగళ్ళు విమానాన్ని తాకడం లాంటి సందర్భాలలో, బలం మళ్ళీ పెరగడం కనిపిస్తుంది. కానీ ఆ రేట్లు మీ మిషను ఇవ్వగల వేగానికి వేల రెట్లు పైన ఉంటాయి, దానికి వేరే పరికరాలు ఉన్నాయి. మీ ప్రాజెక్టులో ఆ భాగాన్ని తాకవద్దు.

రిపోర్టులో ప్రతి బలం విలువ పక్కన వికృతి రేటు (లేదా కనీసం విరగడానికి పట్టిన సెకన్లు), మంచు ఉష్ణోగ్రత, దిమ్మలో ఘనం ఉన్న చోటు, నొక్కిన దిశ, విరిగిన తీరు రాయండి. ఇప్పటికే ఉన్న విలువలను కొట్టేయకండి, వాటిని ప్రాథమిక పరీక్షలుగా చూపించండి. మీ గైడు గారితో వాదించడం కంటే, నేను చెప్పిన అయిదు నిమిషాల పరీక్షను ఆయన సమక్షంలో ఒక ఉదయం చేసి చూపించడం మంచిది. ఫ్రీజర్‌లో ఇంకా ఎన్ని ఘనాలు మిగిలాయో, ఉక్కు పలకలు దొరుకుతాయో లేదో రాస్తే, వాటిని ఏ వరుసలో వాడుకోవాలో చెబుతాను.